బ్రాడ్‌ఫర్డ్ కుర్రాళ్లది రాత్రికి రాత్రి వచ్చిన పేరు కాదు

సంపాదకులకు నమస్కారం.

బ్రిటిష్ ర్యాప్ అనగానే మన పత్రికల వినోదం పేజీలు లండన్ పొలిమేర దాటవు. ఎప్పుడో దాటినా, ఉత్తర ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్లను ‘కోతిచేష్టల వీడియోలు పెట్టి రాత్రికి రాత్రి వైరల్ అయిన కుర్రాళ్లు’ అని ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. బ్యాడ్ బాయ్ చిల్లర్ క్రూ గురించి ఇదే మాట పదేపదే కనబడుతుంటే ఈ ఉత్తరం రాయక తప్పలేదు. వీడియోల సంగతి అబద్ధం కాదు. వాళ్లు జనం కంట పడింది నవ్వులాటతోనే. కానీ నవ్వించే వీడియోలు పెట్టేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. వాళ్ల పాటలు బ్రిటన్ ఆల్బమ్ చార్టులో రెండో స్థానానికి చేరవు. 2022లో వీళ్ల ‘డిస్‌రెస్పెక్ట్‌ఫుల్’ చేరింది. వీళ్లు మైకు పట్టకముందే ఆ ప్రాంతంలో వేళ్లూనుకున్న ఒక బాణీ వీళ్ల కాళ్ల కింద ఉంది. దాని పేరు బేస్‌లైన్. అది తెలియకుండా ఈ బృందం గురించి రాయడమంటే డప్పు పేరెత్తకుండా తీన్మార్ గురించి రాయడమే.

ముందు మనుషుల సంగతి. కేన్, క్లైవ్, జీకే అనే పేర్లతో ముగ్గురు ర్యాపర్లు. ఊరు వెస్ట్ యార్క్‌షైర్‌లోని బ్రాడ్‌ఫర్డ్, ఒకప్పుడు ఉన్ని మిల్లులతో బతికిన పట్నం. లండన్‌కు రోడ్డున 300 కిలోమీటర్ల పైచిలుకు ఉత్తరాన ఉంది. 2020లో ‘ఫుల్ వ్యాక్ నో బ్రేక్స్’, 2021లో ‘చార్వా ఆంథెమ్స్’, 2022లో పైన చెప్పిన ‘డిస్‌రెస్పెక్ట్‌ఫుల్’, 2023లో ‘ఇన్‌ఫ్లుయెన్షియల్’ అనే రికార్డులు వచ్చాయి. 2021లో వచ్చిన ‘డోంట్ యూ వర్రీ అబౌట్ మీ’ సింగిల్స్ చార్టులో మొదటి 40లోకి వెళ్లింది. ఐటీవీ2 చానల్ వాళ్ల మీద ఒక సిరీస్ నడిపింది. 2023 బ్రిట్ అవార్డుల్లో ఉత్తమ బృందం విభాగంలో ఆర్కిటిక్ మంకీస్, ది 1975, నోవా ట్విన్స్, వెట్ లెగ్ సరసన వీళ్ల పేరూ నిలిచింది. అవార్డు వెట్ లెగ్‌కు దక్కింది. ఆ అయిదింటిలో లండన్ బృందం నోవా ట్విన్స్ ఒక్కటే కావడం గమనించాలి.

‘చార్వా’ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఉత్తరాన బస్తీ కుర్రాళ్లను, ట్రాక్ సూట్ వేసుకుని బైకుల మీద తిరిగేవాళ్లను ఈసడించుకునే మాట అది. మన దగ్గర పోరంబోకు అనిపించుకున్నవాడు అదే మాటను ఇంటి ముందు బోర్డు రాయించుకున్నట్టు, వీళ్లు దాన్ని రికార్డు అట్ట మీదికి ఎక్కించారు. అందులో వెటకారముంది, పొగరుంది. లండన్ రేడియో కోసం యాస మార్చుకోం అన్న పట్టుదల కూడా ఉంది. ఆ మూడోదానికి రావడానికి కాస్త సమయం పడుతుంది, ముందు సంగీతం.

బేస్‌లైన్ మూలం స్పీడ్ గ్యారేజ్. 1990ల నడుమ లండన్ డీజేలు అమెరికన్ గ్యారేజ్ హౌస్ (క్లబ్బుల్లో ఆడించే డ్యాన్సు సంగీతం) రికార్డులను టర్న్‌టేబుల్ మీద వేగం పెంచి తిప్పేవారు. వేగం పెరిగేసరికి బేస్ (అడుగున మోగే మంద్రస్వరం) మరింత బిగుసుకునేది. దాని మీద మెలికలు తిరిగే బేస్ కలిపితే స్పీడ్ గ్యారేజ్ అయింది. 1997 నాటి డబుల్ 99 వారి ‘రిప్‌గ్రూవ్’ దీనికి తలమానికం. లండన్ ఆ బాణీని రెండు మూడేళ్లలో వదిలేసి టూ స్టెప్ వైపు వెళ్లింది. కిక్ (డ్రమ్ములోని లోతైన పెద్ద దెబ్బ) నాలుగు దెబ్బలకూ పడకుండా విరిచి వాయించే పద్ధతి అది. ఉత్తరం మాత్రం నాలుగు దెబ్బల కిక్‌ను వదల్లేదు. షెఫీల్డ్‌లో సిడ్నీ స్ట్రీట్ మీద 1992లో మొదలైన నిష్ అనే క్లబ్బు దానికి పుట్టిల్లు. తెల్లవార్లూ నడిచేది. అక్కడి డీజేలు ఆడించే పాటలకు వేరే పేరు లేక జనం ఆ సంగీతాన్నే ‘నిష్’ అని పిలిచేవారు. క్లబ్బు పేరు బాణీ పేరైపోవడం తరచూ జరిగేది కాదు. షికాగోలో వేర్‌హౌస్ క్లబ్బు నుంచి ‘హౌస్’ అన్న పేరు వచ్చిందంటారు, ఇది ఆ తరువాతిది.

2005 నవంబరులో సౌత్ యార్క్‌షైర్ పోలీసులు పెద్ద బలగంతో నిష్ మీద దాడి చేశారు. క్లబ్బు మూతపడింది. తరువాత వేరే చోట మళ్లీ తెరిచినా పాత రోజులు రాలేదు. అంతకన్నా పెద్ద దెబ్బ కంటికి కనబడనిది. బేస్‌లైన్ అంటే గొడవలన్న ముద్ర పడింది. పోస్టరు మీద ఆ మాట కనిపిస్తే హాలు ఇవ్వడానికి యజమానులు జంకే పరిస్థితి వచ్చింది. లండన్‌లోనూ ఇలాంటిది నడిచింది. అక్కడ మెట్రోపాలిటన్ పోలీసులు ఫారం 696 అనే పత్రంతో గ్రైమ్ (లండన్ ర్యాప్ బాణీ), గ్యారేజ్ కచేరీల మీద కన్నేసి ఉంచేవారు. దాన్ని 2017లో ఎత్తేశారు. హాలు దొరకని సంగీతం ఎక్కడికి పోతుంది? కార్లలోకి పోయింది. మిక్స్ సీడీలు, ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు బ్లూటూత్‌లో పంపుకునే పాటలు, డిక్కీలో బిగించిన సబ్‌వూఫర్. ఈ బృందం వీడియోల్లో అన్ని కార్లు, బైకులు ఎందుకుంటాయని అడిగేవాళ్లకు సగం జవాబు ఇక్కడుంది. ఆ పాటలు బతికిందే అక్కడ.

నడుమ ఒకసారి చార్టు తలుపూ తెరుచుకుంది. 2007లో లీడ్స్ సంగీత నిర్మాత టీ2, గాయని జోడీ ఆయిషా చేసిన ‘హార్ట్‌బ్రోకెన్’ బ్రిటన్‌లో రెండో స్థానానికి వెళ్లింది. కొద్ది నెలలకే 2008లో హెచ్ టూ ఓ, ప్లాట్నమ్ కలిసి చేసిన ‘వాట్స్ ఇట్ గొన్నా బీ’ కూడా రెండో స్థానమే అందుకుంది. పెద్ద కంపెనీలు పరుగెత్తుకొచ్చాయి, ఒకే అచ్చులో పోసిన పాటలు కుప్పలుగా వదిలాయి, జనం మొహం మొత్తగానే వెళ్లిపోయాయి. హడర్స్‌ఫీల్డ్ డీజే క్యూ లాంటివాళ్లు మాత్రం ఆ తరువాతా అదే పని చేస్తూ వచ్చారు. కాబట్టి 2018 ప్రాంతంలో బ్రాడ్‌ఫర్డ్ కుర్రాళ్లు మైకు పట్టుకునేనాటికి కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. దరువు ఉంది, దానికి ఎగరడం తెలిసిన జనం ఉన్నారు. లేనిదల్లా ఆ దరువుకు ముఖం. పదేళ్ల పాటు బేస్‌లైన్ ముఖం లేని సంగీతంగా ఉండిపోయింది. నిర్మాత పేరు పోస్టరు అడుగున చిన్నక్షరాల్లో ఉండేది, గొంతు ఎవరిదో తెలిసేది కాదు. నవ్వించే వీడియోలు ఆ లోటు తీర్చాయి. వైరల్ కావడం చేసిన పని ఇంతవరకే.

ఇక పాట కట్టుబడి. ఇది తేలిక సంగీతం, కంప్యూటర్ ఉంటే ఎవరైనా చేసేస్తారు అనేవాళ్ల కోసం కాస్త వివరంగా.

వేగం నిమిషానికి 135 నుంచి 142 దెబ్బలు, ఎక్కువగా 140. ఆ లెక్కన ఒక దెబ్బకు 0.43 సెకను. నాలుగు దెబ్బల ఆవర్తాన్ని వాళ్లు బార్ అంటారు, దాని నిడివి 1.71 సెకన్లు. మూడు నిమిషాల పాటలో సరిగ్గా 105 బార్లు పడతాయి. మామూలుగా 8 బార్ల ఎత్తుగడ, 16 పల్లవి, 16 ర్యాప్, 16 పల్లవి, 16 ర్యాప్, 8 విరామం, 16 పల్లవి, 8 ముగింపు వేసుకుంటే 104. ర్యాప్‌కు మిగిలేది రెండు పదహార్లు మాత్రమే. ముగ్గురు పంచుకోవాలి. ఒక్కొక్కరికి 10, 11 బార్లు, అంటే 18 సెకన్లు. అందుకే వీళ్ల పాటల్లో కథ ఉండదు, ఉండదగ్గ చోటూ లేదు. ఊరి పేరు, బండి పేరు, ఒక జోకు, ఒక బడాయి, అంతటితో మైకు పక్కవాడి చేతికి.

ఈ 140 అంకె బేస్‌లైన్‌కు ఒక్కదానికే చెందలేదు. 2000ల తొలినాళ్లలో తూర్పు లండన్‌లో పుట్టిన గ్రైమ్‌ది కూడా అదే వేగం. అప్పటి ఫ్రూటీలూప్స్ సాఫ్ట్‌వేర్ తెరవగానే 140 ఉండేది, దాన్ని మార్చే ఓపిక ఎవరికీ లేకపోయింది అని నిర్మాతలే నవ్వుతూ చెబుతారు. కారణం ఏదైనా ఫలితం గొప్పది. గ్రైమ్ విని మాటలు కట్టడం నేర్చుకున్న కుర్రాడు బేస్‌లైన్ దరువు మీద అదే లెక్కతో పాడగలడు. కింద దరువు మారుతుంది, నాలుక నడక మారదు.

కిక్ ప్రతి దెబ్బకూ పడుతుంది. రెండో, నాలుగో దెబ్బల మీద క్లాప్. దెబ్బకూ దెబ్బకూ సరిగ్గా మధ్యన తెరుచుకునే హై హ్యాట్, అంటే డ్రమ్ములోని తాళాల జత. ఇక్కడిదాకా హౌస్ సంగీతం తెలిసిన ఎవరికైనా వచ్చినదే. తేడా బేస్‌లో ఉంది. అది కిక్ మీద పడదు, కిక్ వదిలిన ఖాళీలో పడుతుంది. గొంతు బోలుగా, మొదట్లో చిన్న టక్కుమనే చప్పుడుతో ఉండే ఆర్గన్ బేస్ ఈ బాణీకి గుర్తు. దీని తాత 1988లో వచ్చిన కోర్గ్ ఎం1 కీబోర్డులోని ‘ఆర్గన్ 2’ అనే శబ్దం. రాబిన్ ఎస్ ‘షో మీ లవ్’ పాటకు స్టోన్‌బ్రిడ్జ్ చేసిన రీమిక్స్‌లో దాన్ని ప్రపంచమంతా వింది. ఇప్పుడు ఆ కీబోర్డు అక్కర్లేదు. ఏ సింథ్‌లోనైనా మూడు సైన్ తరంగాలు చాలు. ఒకటి అసలు స్వరం, రెండోది దాని పై స్థాయి, మూడోది మూడు రెట్ల పౌనఃపున్యంలో, అంటే పై స్థాయి పంచమం. ఉదాహరణకు 44, 87, 131 హెర్ట్జ్. శబ్దం వెంటనే మొదలై 200 నుంచి 300 మిల్లీసెకన్లలో కరిగిపోవాలి. పైన కొద్దిగా శాచురేషన్, అంటే శబ్దాన్ని కాస్త గరుకు చేయడం.

దీనికి జోడీ మెలికలు తిరిగే వార్ప్ బేస్. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతూ, ఫిల్టర్ (శబ్దంలోని కొంత భాగాన్ని ఆపే జల్లెడ) తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. ఫిల్టర్ ఊగే వేగాన్ని దరువుకు ముడివేయాలి. 140లో అర దెబ్బకు ఒక ఊపు కావాలంటే సెకనుకు 4.67 సార్లు, దెబ్బకు మూడు ఊపులైతే సెకనుకు 7 సార్లు. కింద కిక్ చతురశ్రంలో నడుస్తుంటే పైన బేస్ తిశ్రంలో ఊగడంలోనే ఆ మత్తు ఉంది. మృదంగం వినే చెవికి ఇది వింత కాదు.

కొత్తవాళ్లు దెబ్బతినేది ఎక్కడ? అన్నిటికన్నా ముందు కిక్, బేస్ కొట్లాటలో. రెండూ 40 నుంచి 100 హెర్ట్జ్ మధ్యే ఉంటాయి. కిక్ పడినప్పుడు బేస్ వంగాలి, దానికి సైడ్‌చెయిన్ కంప్రెషన్, అంటే కిక్ మోగిన ప్రతిసారీ బేస్ స్థాయిని తనంతట తగ్గించే ఏర్పాటు, పెడతారు. 4 నుంచి 6 డెసిబెల్స్ వంగితే చాలు. కానీ వంగిన బేస్ తిరిగి లేవడానికి పట్టే సమయాన్ని 80 నుంచి 150 మిల్లీసెకన్లలో ఉంచాలి. కిక్ పడిన 214 మిల్లీసెకన్లకు, అంటే అర దెబ్బకు, బేస్ స్వరం రావాలి కదా, అది 200 దాటినా లేవకపోతే స్వరం మొదలే మింగేస్తుంది, పాట ఎగరదు, ఈడుస్తుంది. నెమ్మది హౌస్ కోసం పెట్టిన సెట్టింగును తెచ్చి ఇక్కడ అతికిస్తే జరిగేది ఇదే. 120 హెర్ట్జ్ కిందిదంతా మోనోలో, అంటే ఎడమ కుడి స్పీకర్లలో ఒకేలా, ఉండాలన్నది ఇంకో నియమం. హెడ్‌ఫోన్‌లో విశాలంగా వినబడుతోందని బేస్‌ను రెండు పక్కలకు పరిస్తే క్లబ్బులో రెండు పక్కలూ కలిసినప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుని బేస్ మాయమవుతుంది.

రెండో గండం ఫోన్ స్పీకర్. సుమారు 200 హెర్ట్జ్ కింద అది దాదాపు మూగది. స్టూడియోలో గోడలు అదిరిన పాట ఫోన్‌లో తాటాకు చప్పుడవుతుంది. దీనికి విరుగుడుగా బేస్‌కు ఒక నకలు తీసి, దాన్ని డిస్టార్షన్‌తో బాగా గరుకు చేసి, 150, 200 హెర్ట్జ్ కిందిది కోసేసి అసలుదాని కింద కొద్దిగా కలుపుతారు. పై హరాత్మకాలు (అడుగు స్వరానికి రెట్లుగా మోగే స్వరాలు) వినబడితే అడుగు స్వరాన్ని చెవి తనే ఊహించుకుంటుంది. ఫోన్‌లో చూసే వీడియోలతో పేరు తెచ్చుకున్న బృందానికి ఇది అలంకారం కాదు, అవసరం.

మూడోది పల్లవి. బేస్‌లైన్ పల్లవి ఎక్కువగా ఆడగొంతు, వేగం పెంచి శ్రుతి ఎత్తినది. 128లో ఉన్న పాటను 140కి తెస్తే ఒకటిన్నర స్వరస్థానం ఎత్తు పెరుగుతుంది, ఎవరూ పట్టించుకోరు. 100లో ఉన్న నెమ్మది పాటను రికార్డు తిప్పినట్టు 140కి తెస్తే దాదాపు ఆరు స్వరస్థానాలు. షడ్జమంలో పాడింది ప్రతిమధ్యమంలోకి వెళ్తుంది. గొంతు చిలకపలుకవుతుంది, ఆ చిలకపలుకే ఇక్కడ అందం. దాన్ని సరిచేసి సహజంగా వినిపించాలని చూస్తే బాణీ చచ్చిపోతుంది. మూడు జాగ్రత్తలు మాత్రం తప్పవు. శ్రుతి మారింది కాబట్టి బేస్ శ్రుతిని మళ్లీ వెతుక్కోవాలి. ఇంట్లో చేసిన పాటల్లో ఎక్కువగా కనబడే తప్పు ఇదే, అర స్వరం తేడా పెద్ద స్పీకర్ల మీద పళ్లు పులిసినట్టు ఉంటుంది. గొంతులో 6 కిలోహెర్ట్జ్ దగ్గరున్న ‘స’కారపు బుస 8.4కు ఎక్కుతుంది, ఆ బుసను తగ్గించే డీఎస్సర్‌ను పాత చోటే ఉంచితే పనిచేయదు. క్లిక్ (లయ చూపే టిక్కుటిక్కు చప్పుడు) లేకుండా పాడిన పాత రికార్డింగ్ అయితే ప్రతి బార్‌నూ విడిగా దరువుకు సర్దాలి. మొదటి బార్ కుదిరింది కదా అని వదిలేస్తే పన్నెండో బార్ దగ్గర గొంతు ఒకదారి, కిక్ ఒకదారి.

ర్యాప్ సంగతీ లెక్కే. 140లో దెబ్బకు నాలుగక్షరాలు పాడితే సెకనుకు తొమ్మిది దాటుతాయి. అలా పదహారు బార్లు ఎవరూ లాగలేరు. అందుకే దెబ్బకు రెండక్షరాల నడక పెట్టుకుని మధ్యమధ్య నాలుగుకు దూకుతారు. స్టూడియోలో ముక్కలు ముక్కలుగా రికార్డు చేసి అతికించవచ్చు. వేదిక మీద ఊపిరి మోసం చేస్తుంది. పంక్తి చివరి రెండు మాటలను పక్కవాడు అందుకుంటే పాడేవాడికి ఊపిరి తీసుకునే సందు దొరుకుతుంది. హరికథలో వంతపాటవారు చేసే మేలు లాంటిదే ఇది. ఒంటరి ర్యాపర్ కన్నా బృందం ఈ బాణీకి నప్పడానికి కారణం స్నేహం మాత్రమే కాదు.

ఇప్పుడు యాస. దక్షిణ ఇంగ్లండ్‌లో ‘పుట్’కు ‘కట్’ ప్రాస కాదు, అచ్చులు వేరు. బ్రాడ్‌ఫర్డ్ నోట ‘కట్’ అన్నది ‘కుట్’కు దగ్గరగా పలుకుతుంది. ‘బస్’, ‘అప్’, ‘లవ్’ అన్నిటిదీ అదే దారి. లండన్ ర్యాపర్‌కు దొరకని అంత్యప్రాసలు వీళ్లకు ఉచితంగా దొరుకుతాయి. ‘బాత్’ను పొట్టి అచ్చుతో ‘బ్యాత్’ అంటారు, ‘ది’ అన్న చిన్న మాటను ‘ట్’గా నొక్కేసి దాదాపు మింగేస్తారు. మింగిన చోట ఒక అక్షరం ఖాళీ దొరుకుతుంది, వేగపు దరువులో ఆ ఖాళీ బంగారం. యాసను ‘బాగుచేస్తే’ ప్రాస చెడుతుంది, లయ తప్పుతుంది. అది పౌరుషానికి సంబంధించిన మాట అనుకునేవాళ్లు అనుకోవచ్చు, మాకు మాత్రం అది ఛందస్సు సంగతి. తెలంగాణ పల్లె పాటలో ‘వస్తున్నాడు’ అని దిద్ది, ‘వస్తుండు’లో ఉన్న నడకను పోగొట్టినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

ఈ బృందంతో ఒప్పందం చేసుకున్నది హౌస్ యాంగ్జైటీ, సోనీ కింద ఉన్న రిలెంట్‌లెస్ రికార్డ్స్. 2001లో సో సాలిడ్ క్రూ వారి ‘21 సెకండ్స్’ను మొదటి స్థానానికి చేర్చిన సంస్థ ఈ రిలెంట్‌లెస్సే. ఒక్కో ఎంసీకి, అంటే ర్యాపర్‌కు, 21 సెకన్లు పంచిన లండన్ గ్యారేజ్ పాట అది. గ్యారేజ్ దరువు మీద గుంపుగా ర్యాప్ చేసేవాళ్లను ఎలా అమ్మాలో ఆ సంస్థకు ఇరవై ఏళ్ల ముందే తెలుసన్నమాట. దీన్ని గాలివాటు అనడం ఎలా?

పెద్ద సంస్థ వెనకుండటం ఇంకో రకంగానూ అక్కరకొస్తుంది. అది హక్కుల విషయం. పాత పాట ముక్క వాడాలంటే రెండు అనుమతులు కావాలి. ఒకటి ఆ రికార్డింగ్ యజమానిది, రెండోది మాటలు, బాణీ కట్టినవారిది. అదే ముక్కను కొత్త గాయనితో మళ్లీ పాడించుకుంటే మొదటిది తప్పుతుంది, రెండోది తప్పదు. బేస్‌లైన్ తొలినాళ్లలో ఎవరినీ అడగకుండా పాతిక, యాభై ప్రతులు చేసి పంచుకున్నవాళ్లున్నారు. చార్టుకు వెళ్లాల్సిన పాటకు ఆ ఆట సాగదు. పాట ఎక్కువ వినబడే కొద్దీ హక్కుదారు వేగంగా తలుపు తడతాడు, అప్పుడు రాబడిలో పెద్ద వాటా రాసివ్వాలి, లేదంటే పాట దింపేయాలి.

మన దగ్గర డీజే రీమిక్సులు చేసే కుర్రాళ్లకు ఇది నేరుగా పనికొచ్చే సంగతి కాబట్టి ఇంకో నాలుగు మాటలు. మన కాపీరైట్ చట్టంలో 31సి సెక్షన్ కవర్ పాటలకు దారి ఇస్తుంది. కానీ మొదటి రికార్డింగ్ వచ్చిన సంవత్సరం ముగిశాక అయిదేళ్లు గడవాలి. ఏడాదికి కనీసం 50,000 ప్రతుల లెక్కన రాయల్టీ ముందే కట్టాలి. ఏదైనా ఒక భాషకో మాండలికానికో ఆ కనీస సంఖ్య తగ్గించే వెసులుబాటు చట్టంలో ఉంది. అంత చేసినా అది కొత్తగా పాడించి రికార్డు చేసుకోవడానికే. అసలు రికార్డింగును కోసి దరువు అతికించడానికి ఆ సెక్షన్ అక్కరకు రాదు. జానపదం ఎవడబ్బ సొత్తూ కాదు అంటారు, నిజమే, తరాలుగా వస్తున్న మాటలు, వరస ఎవరివీ కావు. అయితే ఒక గాయని పాడిన రికార్డింగు మీద హక్కు ఉంటుంది, నడుమ కొత్తగా చేర్చిన చరణానికి రాసినవాడుంటాడు. పాట నలుగురిలో పేరు తెచ్చుకున్నాక గొడవ వచ్చేది సాధారణంగా ఆ చరణం దగ్గరే.

వీళ్ల పాటల మాటలన్నీ మేం మెచ్చుకుంటున్నామని కాదు. మత్తు పదార్థాల మీద గొప్పలు, ఆడవాళ్ల గురించి చులకన, హెల్మెట్ లేని బైకు విన్యాసాలు చాలానే ఉన్నాయి. ఇంట్లో పిల్లల ముందు పెట్టుకునే సంగీతం కాదు. వీటిని ఎత్తిచూపడం పత్రిక పని, ఎత్తిచూపండి. కానీ ఆ తప్పులు ఎంచడం వేరు, ‘వీళ్లకు సంగీతం తెలియదు’ అని తీర్పు చెప్పడం వేరు. రెండోది చెప్పాలంటే ముందు వినాలి. బ్రాడ్‌ఫర్డ్ 2025కు బ్రిటన్ సాంస్కృతిక నగరంగా ఎంపికైన ఊరు. ఆ ఊరి గురించి రాసేటప్పుడు మిల్లులు, మ్యూజియంలు మాత్రమే సంస్కృతి అనుకుంటే సగం ఊరు కనబడదు.

మీ విలేకరులకు మూడు చిన్న విన్నపాలు. బ్రాడ్‌ఫర్డ్‌ను మాంచెస్టర్ పక్క ఊరిగా పరిచయం చేయకండి. పక్కనున్నది లీడ్స్, పదిహేను కిలోమీటర్ల దూరం, కొండల అవతల ఉన్న మాంచెస్టర్‌ది వేరే జిల్లా, వేరే సంగీతం. బేస్‌లైన్‌ను గ్రైమ్ అనకండి, వేగం ఒకటే అయినా కిక్ వరస వేరు. బోల్టన్‌కు చెందిన బ్లాకౌట్ క్రూ 2008లో ‘పుట్ ఎ డాంక్ ఆన్ ఇట్’తో పేరు మోగించిన డాంక్‌ను కూడా ఇందులో కలపకండి. అది పెన్నైన్ కొండలకు పడమటి వైపుది, ఇంకా వేగమైనది, బేస్ బదులు గొట్టం మీద కొట్టినట్టు ‘డాంక్’మనే చప్పుడు దెబ్బల మధ్య పడుతుంది. యార్క్‌షైర్‌వాళ్లను లాంకషైర్‌వాళ్లతో కలిపేస్తే వాళ్లకు ఎలా ఉంటుందో, కోనసీమ యాసను రాయలసీమదని రాస్తే మనకెలా ఉంటుందో ఆలోచించుకోండి.

లీడ్స్, షెఫీల్డ్, బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న మన పిల్లలు ఈ దరువును శుక్రవారం రాత్రి పక్కనుంచి పోయే కారులో విని ఉంటారు. ఇక్కడున్నవాళ్లు వినాలనుకుంటే ఫోన్ స్పీకర్‌లో మొదలుపెట్టకండి, కారులోనో, మంచి హెడ్‌ఫోన్‌తోనో వినండి. ముందు ‘రిప్‌గ్రూవ్’, తరువాత ‘హార్ట్‌బ్రోకెన్’, ఆపైన ‘డోంట్ యూ వర్రీ అబౌట్ మీ’. మాటలు అర్థం కాకపోయినా ఫరవాలేదు. తొడ మీద కిక్‌కు తాళం వేస్తూ, చెయ్యి గాల్లోకి లేచిన క్షణంలో బేస్ ఎక్కడ పడుతోందో మూడు పాటల్లోనూ పట్టి చూడండి.

భవదీయులు,
ధ్వనిముద్రణ రంగంలో పనిచేసే ఇద్దరు పాఠకులు,
హైదరాబాద్.